ఫోర్క్‌లిఫ్టా, క్రేనా? జీతం, ఆటోమేషన్ ముప్పు రెండూ చూసుకుంటే ఏది మేలు?

గాజువాక వాసి:

అందరికీ నమస్కారం. మా తమ్ముడు ఐటీఐలో ఫిట్టర్ ట్రేడు పూర్తిచేసి ప్రస్తుతం ఒక కాంట్రాక్టరు దగ్గర హెల్పరుగా పనిచేస్తున్నాడు. ఇప్పుడు వాడికి రెండు అవకాశాలు వచ్చాయి. మొదటిది అనకాపల్లి వైపు హైవే పక్కన ఉన్న ఒక పెద్ద గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ ఆపరేటరు పని. శిక్షణ వాళ్లే ఇస్తారు, నెలకు 17 వేలు చేతికి వస్తాయి, పీఎఫ్, ఈఎస్‌ఐ కూడా ఉన్నాయి. రెండవది ఒక ఫ్యాబ్రికేషన్ కర్మాగారంలో ఈఓటీ క్రేన్ (షెడ్డులో పైన పట్టాల మీద నడిచే కరెంటు క్రేన్) మీద ట్రైనీ పని. మొదటి ఏడాది 13 వేలే ఇస్తారు కానీ, ఆ తరువాత పని నచ్చితే కంపెనీ రోల్స్‌లోకి తీసుకుని 24 వేల దాకా పెంచుతామని చెబుతున్నారు.

వాడు ఇంటర్నెట్‌లో వెతికితే, ఈ రెండు వృత్తులను పక్కపక్కన పెట్టి పోల్చిన అమెరికా లెక్కలు కనిపించాయి. ఫోర్క్‌లిఫ్ట్ ఆపరేటరు పని యంత్రాలకు పోయే అవకాశం 93 శాతం, క్రేన్ ఆపరేటరుకు 90 శాతం అని అందులో ఉంది. జీతం మాత్రం క్రేన్ ఆపరేటరుకు ఏడాదికి 60 వేల డాలర్లు దాటితే, ఫోర్క్‌లిఫ్ట్ వారికి 40 వేల పైచిలుకు ఉంది. అది చూసినప్పటి నుంచి వాడు రెండూ మునిగిపోయే పనులేనని దిగులు పడుతున్నాడు. ఈ శాతాలను మన దగ్గర ఎంతవరకు నమ్మవచ్చు? రాబోయే పదిహేనేళ్లు కుటుంబాన్ని పోషించగలిగే పని ఈ రెండింటిలో ఏది? అనుభవం ఉన్నవారు చెబితే మాకు పెద్ద సాయం చేసినవారవుతారు.

హ్యూస్టన్ తెలుగు:

గాజువాక వాసి గారూ, నేను ఇక్కడ అమెరికాలో సరుకు రవాణా, గోదాముల ప్రణాళిక రంగంలో పనిచేస్తున్నాను. మీ తమ్ముడు చూసిన ఆ శాతాలు ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫ్రే, ఆస్‌బోర్న్ అనే ఇద్దరు పరిశోధకులు 2013లో వెలువరించిన అధ్యయనంలోనివి. వారు అమెరికాలోని 702 వృత్తులను పరిశీలించి, అక్కడి ఉద్యోగాలలో 47 శాతం అధిక ముప్పులో ఉన్నాయని తేల్చారు. అప్పటి నుంచి ఆ పట్టికలోని అంకెలను తీసుకుని వృత్తులను పోల్చే వెబ్‌సైట్లు చాలా వచ్చాయి.

అయితే ఆ 93 శాతం ఎలా వచ్చిందో తెలిస్తే మీ తమ్ముడి దిగులు సగం తగ్గుతుంది. పరిశోధకులు ముందు 70 వృత్తులను మాత్రమే నిపుణుల చేత యంత్రానికి సాధ్యమా, కాదా అని గుర్తింపజేసి, మిగిలిన వాటికి కంప్యూటరు నమూనా చేత అంచనా కట్టించారు. ఆ నమూనా చూసిన లక్షణాలు తొమ్మిది: వేళ్ల నేర్పు, చేతి నేర్పు, ఇరుకు స్థలంలో పని, సృజన, కళాజ్ఞానం, ఎదుటివారి మనసు గ్రహించడం, బేరసారాలు, ఒప్పించడం, ఇతరులను ఆదుకుని సేవ చేయడం. క్రేన్ క్యాబిన్‌లో కూర్చున్న మనిషికి బేరమాడే పని గానీ రోగికి సేవ చేసే పని గానీ ఉండదు కనుక అతని శాతం సహజంగానే పైకి పోతుంది. గాలికి బరువు ఊగితే ఏమి చేయాలి, స్లింగు (బరువుకు చుట్టి కొక్కేనికి తగిలించే తాడు) సరిగ్గా కట్టారా లేదా, జారి పడితే కింద ఎవరున్నారు అనే ప్రశ్నలకు ఆ తొమ్మిదింటిలో చోటు లేదు. అదే పట్టికలో హాయిస్ట్, వించ్ (తాడుతో బరువును లాగే యంత్రాలు) నడిపేవారికి 65 శాతమే ఇచ్చారంటే, 93కూ 90కీ మధ్య ఉన్న మూడు శాతం తేడాను పట్టుకుని జీవిత నిర్ణయం తీసుకోకూడదని మీకే అర్థమవుతుంది. పైగా వారు లెక్కకట్టింది సాంకేతికంగా సాధ్యమా అన్నదే తప్ప, ఏ యజమాని ఎప్పుడు డబ్బు పెట్టి ఆ యంత్రాన్ని కొంటాడన్నది కాదు. ఒక వృత్తిలోని పనులను విడివిడిగా చూసిన మరో అధ్యయనం 2016లో ధనిక దేశాల కూటమి ఓఈసీడీ తరఫున వచ్చింది. అందులో ఆ కూటమిలోని 21 దేశాలకు సగటున తేలిన అధిక ముప్పు 9 శాతమే.

ఆ తరువాత జరిగిందేమిటో కూడా చూడాలి. 2013 ప్రాంతంలో అమెరికాలో ఫోర్క్‌లిఫ్ట్ వర్గానికి చెందిన ఆపరేటర్లు సుమారు 5 లక్షల మంది ఉంటే, పదేళ్ల తరువాత ఆ సంఖ్య 8 లక్షల దరిదాపుకు చేరింది. ఆ పదేళ్లలోనే అమెజాన్ 2012లో 77.5 కోట్ల డాలర్లకు కొన్న కీవా సంస్థ రోబోలను తన గోదాముల నిండా దింపింది. రోబోలు అరలను మోసుకుని మనిషి దగ్గరికి తెచ్చే పని చేపట్టాయి కానీ, ఆన్‌లైన్ కొనుగోళ్లు పెరిగి గోదాములే అన్ని రెట్లు పెరగడంతో ట్రక్కులోంచి ప్యాలెట్ (సరుకు పేర్చే చెక్క పీఠం) దించే ఫోర్క్‌లిఫ్ట్ పని తగ్గకపోగా ఎక్కువైంది. క్రేన్ ఆపరేటర్ల సంఖ్య మాత్రం అప్పుడూ ఇప్పుడూ 40 నుంచి 50 వేల మధ్యే ఉంది. అంటే ఎక్కువ ముప్పు ఉందన్న పని విస్తరించింది, తక్కువ ముప్పు ఉందన్న పని ఉన్నచోటే నిలిచింది. ఇకముందు కూడా ఇలాగే ఉంటుందని నేను అనడం లేదు, ఎందుకంటే మనిషి లేకుండా నడిచే ఫోర్క్‌లిఫ్ట్‌లు తిన్నని దారిలో ఒకే కొలత ప్యాలెట్లను అటూ ఇటూ మోసే చోట్ల ఇప్పటికే పనిచేస్తున్నాయి.

జీతంలో అంత తేడా ఎందుకన్నదానికి ప్రధాన కారణం అర్హత పత్రం. ఇక్కడ ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవారికి యజమానే శిక్షణ ఇచ్చి, మూడేళ్లకు ఒకసారైనా పనితీరును తిరిగి పరీక్షిస్తే సరిపోతుంది. నిర్మాణ రంగంలో క్రేన్ నడపాలంటే గుర్తింపు ఉన్న బయటి సంస్థ రాత పరీక్షలో, నడిపే పరీక్షలో నెగ్గాలి. ఆ గడప దాటేవారు తక్కువ, పొరపాటు జరిగితే నష్టం పెద్దది, అందుకే కూలి ఎక్కువ. దీనికి తోడు యూనియన్ల బలం ఉంది. 2024 అక్టోబరు 1 నుంచి 3 వరకు మెయిన్ రాష్ట్రం నుంచి టెక్సాస్ దాకా ఓడరేవు కార్మికులు సమ్మె చేసి, ఆరేళ్లలో 62 శాతం వేతన పెంపు సాధించడమే కాక, ఆటోమేషన్ విషయంలో కూడా హామీలు రాబట్టుకున్నారు. మీ తమ్ముడు చేరబోయే చోట ఇవేవీ ఉండవు కనుక, ఇక్కడి డాలర్ల నిష్పత్తి అక్కడ రూపాయల్లో కనిపిస్తుందని ఆశించవద్దు.

బే నంబర్ మూడు:

నేను చాలా ఏళ్లుగా విశాఖలో భారీ కర్మాగారాల షెడ్లలో ఈఓటీ క్రేన్లు నడిపి, ఇప్పుడు కొత్తవారికి నేర్పుతున్నాను. పై మిత్రుడు చెప్పినదానితో ఏకీభవిస్తూనే, మన షెడ్లలో అసలు ముప్పు ఎటునుంచి వస్తున్నదో చెబుతాను.

ఈఓటీ క్రేన్ ఆపరేటరు ఉద్యోగాన్ని తీసేసినది రోబో కాదు, నడుముకు కట్టుకునే రేడియో రిమోట్. ఒకప్పుడు పది టన్నుల క్రేన్‌కైనా పైన క్యాబిన్‌లో ఒక మనిషి, కింద సైగలు చేసే మనిషి, స్లింగు కట్టే మనిషి ఉండేవారు. రిమోట్ వచ్చాక వెల్డరో ఫిట్టరో తన జాబు (తాను చేస్తున్న వస్తువు) తానే ఎత్తుకుని, తానే తిప్పుకుని, తానే దించుకుంటున్నాడు. అక్కడ క్రేన్ తీసేయలేదు, పనీ తగ్గలేదు, కానీ క్రేన్ ఆపరేటరు అనే పోస్టు మాత్రం ఉండదు. ఆ అదనపు పనికి ఫిట్టరుకు జీతం పెంచిన చోట్లు నేను చాలా తక్కువ చూశాను. ఆటోమేషన్ శాతాలు చెప్పే ఏ పట్టికలోనూ ఇది కనబడదు.

దీనికి పూర్తిగా వేరైనది ఉక్కు కరిగించే షాపులో లాడిల్ (కరిగిన లోహాన్ని మోసే పెద్ద పాత్ర) క్రేన్. కరిగిన ఉక్కు నిండిన లాడిల్‌ను ఎత్తి కాస్టింగ్ యంత్రం దగ్గరికి చేర్చేటప్పుడు, పొగలో, వేడిలో, కిందనున్న మనిషి చేతి సైగను చూస్తూ, ఊపు రాకుండా లాంగ్ ట్రావెల్‌నూ (షెడ్డు పొడవునా కదలిక) క్రాస్ ట్రావెల్‌నూ (అడ్డంగా కదలిక) కలిపి నడపడం నేర్చుకోవడానికి ఏళ్లు పడుతుంది. అలాంటి ఆపరేటరును యాజమాన్యం అంత తేలికగా వదులుకోదు. కనుక ఈఓటీ క్రేన్ అన్న ఒక్క పేరు కింద రెండు వేర్వేరు భవిష్యత్తులు ఉన్నాయి.

మీ తమ్ముడు ఆ కర్మాగారానికి వెళ్లి కొన్ని విషయాలు కళ్లారా చూసుకోవాలి. ఎన్ని క్రేన్లకు క్యాబిన్ ఉంది, ఎన్ని రిమోట్ మీద నడుస్తున్నాయి? ఎత్తే వస్తువు రోజూ ఒకే ఆకారంలో ఉంటుందా, లేక ఈ రోజు ట్యాంకు, రేపు గర్డరు అన్నట్లు మారుతుందా? ఒక పెద్ద జాబును రెండు క్రేన్లతో కలిపి ఎత్తే పని ఉంటే అది మంచి గుర్తు, ఎందుకంటే అక్కడ రిగ్గరుతో (బరువును కట్టి ఎత్తించే పనివాడితో) కలిసి స్లింగు కోణం, బరువు పంపకం లెక్కకట్టడం నేర్చుకుంటాడు. భద్రత ఎలా ఉందో కూడా చూడమనండి. క్రేన్ నడిచే పట్టాల దగ్గర మనిషి పనిచేస్తున్నప్పుడు క్రేన్ అతనికి ఆరు మీటర్లలోపు రాకుండా చూడాలని, ఎత్తే సాధనాలను ఏడాదికి ఒకసారైనా క్షుణ్ణంగా పరీక్షించాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం నుంచీ మనకు నియమం ఉంది. కొక్కెం మీద సేఫ్టీ ల్యాచ్ విరిగి వేలాడుతుంటే, స్లింగుల మీద టన్నుల ట్యాగు లేకపోతే, ఆ చోట ఎంత జీతమిచ్చినా వద్దు.

మేడ్చల్ గోదాం:

గాజువాక వాసి గారికి నమస్కారం. నేను హైదరాబాద్ శివార్లలో ఒక గోదాము పర్యవేక్షకుడిని. ఫోర్క్‌లిఫ్ట్ వైపు నుంచి నేను చూసినది రాస్తాను.

గోదాము మొత్తం ఒకే రకంగా ఉండదు. లోపల ర్యాకుల మధ్య రీచ్ ట్రక్ (ఇరుకు దారుల్లో ఎత్తైన అరలకు సరుకు అందించే ఒక రకం ఫోర్క్‌లిఫ్ట్) నడిపే పని వేరు, బయట డాక్ దగ్గర లారీ ఎక్కించే, దించే పని వేరు. మొదటి పనిలో నేల నున్నగా ఉంటుంది, ప్యాలెట్ కొలత ఒకటే, ప్రతి గడికీ బార్‌కోడ్ ఉంటుంది. మందుల కంపెనీలలో ఆ పనిని ఎత్తైన ర్యాకుల మధ్య తనంతట తాను నడిచే స్టాకర్ క్రేన్లు ఎప్పుడో చేపట్టాయి. డాక్ దగ్గర కథ వేరు. మా దగ్గరికి వచ్చే లారీలలో మూసిన కంటైనర్ బాడీ కొన్నే, మిగిలినవి తెరిచిన బాడీలే. కొన్నింటిలో సరుకు ప్యాలెట్ల మీద వస్తే, కొన్నింటిలో విడి బస్తాలుగా వస్తుంది. చెక్క ప్యాలెట్ కింది పలక విరిగి ఉంటుంది, చుట్టిన ప్లాస్టిక్ చిరిగి పెట్టెలు ఒక పక్కకు ఒరిగి ఉంటాయి. అప్పుడు ఆపరేటరు దిగి చూసి, హమాలీతో రెండు పెట్టెలు సర్దించి, ఫోర్కులను కొంచెం దగ్గరికి జరుపుకుని, మాస్ట్‌ను (ఫోర్కులు పైకీ కిందికీ కదిలే నిలువు చట్రాన్ని) వెనక్కి వంచి మెల్లగా తీస్తాడు. ఇవన్నీ నిమిషంలో జరిగిపోతాయి. ఈ నిమిషం పని చేయగల యంత్రాన్ని మా యజమానికి ఇంతవరకు ఎవరూ చూపించలేకపోయారు. గుంటూరు మిర్చి యార్డు వంటి చోట్లయితే బస్తాలు ఇప్పటికీ హమాలీల వీపుల మీదే కదులుతున్నాయి.

డబ్బు లెక్క కూడా ఉంది. అమెరికాలో ఒక ఆపరేటరుకు ఏడాదికి 40 వేల డాలర్ల పైన ఇచ్చేచోట, రెండు షిఫ్టుల మనుషులను తీసేస్తే యంత్రం ఖరీదు కొన్నేళ్లలో తిరిగి వస్తుంది. నెలకు 17 వేల రూపాయలు ఇచ్చే మన దగ్గర అదే యంత్రం పెట్టుబడి రాబట్టడానికి ఎన్నో రెట్ల కాలం పడుతుంది, కనుక యజమాని తొందరపడడు. అయితే దీన్ని నేను శుభవార్తగా చెప్పలేను. ఉద్యోగం నిలవడానికి కారణం కూలి తక్కువ కావడమే అయినప్పుడు ఆ ఉద్యోగంలో ఎదుగుదల కూడా తక్కువే ఉంటుంది. మా దగ్గర బాగా నడిపే మనిషి కూడా ఓవర్‌టైమ్ లేకుండా 22, 23 వేల దగ్గర ఆగిపోతున్నాడు. అక్కడి నుంచి పైకి పోయినవారు బండి నడపడంతో ఆగకుండా, స్టాక్ లెక్కలు, గోదాము సాఫ్ట్‌వేర్ నేర్చుకుని షిఫ్ట్ ఇన్‌ఛార్జి అయినవారు, లేదా బ్యాటరీ, హైడ్రాలిక్స్ తెలుసుకుని సర్వీసు వైపు వెళ్లినవారు. మీ తమ్ముడు ఫిట్టర్ కనుక రెండవ దారి అతనికి దగ్గర.

ఇంకొక మాట. అక్కడ శిక్షణ అంటే రెండు రోజులు సీనియరు పక్కన నిలబెట్టి తాళం చేతికివ్వడమైతే ఒప్పుకోవద్దు. బండి మీదున్న కెపాసిటీ ప్లేటు చదవడం ముందు నేర్పాలి. మూడు టన్నుల బండి అన్నప్పుడు, బరువు కేంద్రం ఫోర్కు మొదలు నుంచి సాధారణంగా 500 మిల్లీమీటర్ల దూరంలో ఉంటేనే ఆ మూడు టన్నులు. సరుకు పొడవై కేంద్రం ముందుకు జరిగినా, మాస్ట్ బాగా పైకి లేచినా ఎత్తగలిగేది తగ్గిపోతుంది. ఇది తెలియకే బండ్లు ముందుకు వాలి ప్రాణాలు పోతున్నాయి.

జగిత్యాల నుంచి దుబాయ్:

అన్నా, నేను గల్ఫ్ సంగతి చెప్తాను, ఎందుకంటే ఈ రెండు పనుల వాళ్లకూ ఏదో ఒకనాడు ఏజెంటు ఫోన్ వస్తుంది. ఇక్కడ ఫోర్క్‌లిఫ్ట్‌కు, క్రేన్‌కు లైసెన్సులు వేరు. దుబాయ్‌లో రవాణా శాఖే ఫోర్క్‌లిఫ్ట్ నడపడానికి ప్రత్యేక లైసెన్సు ఇస్తుంది. క్రేన్‌కైతే దానికి తోడు మూడవ పక్షం ధ్రువపత్రం కూడా చాలా సైట్లలో అడుగుతారు. నా చుట్టూ ఉన్నవారి ఒప్పందాలు చూస్తే, ఫోర్క్‌లిఫ్ట్ వారికి 1,500 దిర్హాముల అటూ ఇటూ ఉంటే, మొబైల్ క్రేన్ బాగా తెలిసినవారికి దానికి రెట్టింపు పైన వస్తోంది. అయితే అది టైర్ల మీద నడిచే పెద్ద క్రేన్‌కు. షెడ్డులో ఈఓటీ నడిపిన అనుభవాన్ని ఇక్కడ మొబైల్ క్రేన్ అనుభవంగా లెక్కించరు. మన ఊళ్లో హైడ్రా (బరువు ఎత్తి మోసుకెళ్లే చిన్న క్రేన్) నడిపి వచ్చినవారిని కూడా పెద్ద క్రేన్ ఎక్కించే ముందు మళ్లీ పరీక్షిస్తారు.

పోర్టు క్రేన్ల మీద ఆశ పెట్టుకుంటే జాగ్రత్తగా ఆలోచించాలి. అబుదాబి ఖలీఫా పోర్టులో 2012లో మొదలైనప్పటి నుంచే కంటైనర్లు పేర్చే యార్డు క్రేన్లు తమంతట తామే నడుస్తున్నాయి. మన దేశంలో కేరళలోని విళింజం పోర్టులో క్రేన్లను కంట్రోల్ రూములో కూర్చుని తెర మీద చూస్తూ నడుపుతున్నారు, అక్కడి ఊళ్ల ఆడపిల్లలు శిక్షణ తీసుకుని ఆ కుర్చీల్లో కూర్చున్నారు. మెట్లెక్కి క్యాబిన్‌లో మెడ వంచి కూర్చునే బాధ తప్పింది కనుక మంచిదే, కానీ యార్డులో ఒక్కరే చాలా క్రేన్లను చూసుకోగలరు కాబట్టి పోస్టులు తక్కువ. కంటైనర్ అంటే మూలల దగ్గర ఒకే కొలత ఉన్న పెట్టె, అందుకే అక్కడ యంత్రం ముందు గెలుస్తుంది.

విదేశం మాట వస్తే రిజిస్టరైన ఏజెంటు ద్వారానే వెళ్లాలి. సర్వీసు రుసుముగా 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ తప్ప ఎక్కువ తీసుకోకూడదని నియమం ఉంది. మా తెలంగాణలో అయితే ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా ఉంది. లక్షన్నర అడిగినవాడు లైసెన్సు ఇప్పిస్తానన్నా నమ్మవద్దు.

గాజువాక వాసి:

మీ అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. బే నంబర్ మూడు గారు చెప్పిన ప్రశ్నలు పట్టుకుని నేనూ తమ్ముడూ కర్మాగారానికి వెళ్లి వచ్చాం. చిన్న క్రేన్లన్నీ ఇప్పటికే రిమోట్ మీదే ఉన్నాయి, ఫిట్టర్లే నడుపుకుంటున్నారు. 40 టన్నుల క్రేన్ ఒక్కదానికి క్యాబిన్ ఉంది, దాని ఆపరేటరు రెండేళ్లలో రిటైర్ అవుతారు, ఆయన స్థానం కోసమే ట్రైనీని తీసుకుంటున్నామని చెప్పారు. ప్రెషర్ వెసెళ్లు (అధిక పీడనాన్ని తట్టుకునే ట్యాంకులు), గర్డర్లు చేస్తారు కనుక జాబు రోజూ మారుతుంది. స్లింగులకు ట్యాగులు ఉన్నాయి. గోదాములో మాత్రం తమ్ముడికి ఇవ్వబోయేది ర్యాకుల మధ్య రీచ్ ట్రక్ పనే, డాక్ పని కాదు. 13 వేలతో ఏడాది గడపడం ఇంట్లో కష్టమే కానీ, అమ్మ ఒప్పుకుంది. ఇంత తెలిసిన తరువాత దేనికి వెళ్లమంటారు?

బే నంబర్ మూడు:

క్రేన్ వైపే వెళ్లమంటాను. రీచ్ ట్రక్ పని మేడ్చల్ మిత్రుడు చెప్పినట్లు యంత్రం ముందుగా పట్టుకునే భాగం. మీరు చూసిన కర్మాగారంలో క్యాబిన్ క్రేన్‌కు వారసుడు కావాలి, జాబు మారుతూ ఉంటుంది, పక్కనే రిగ్గింగ్ నేర్పే మనుషులు ఉన్నారు. నా తమ్ముడైతే అక్కడికే పంపుతాను. అయితే ఏడాది తరువాత 24 వేలు, కంపెనీ రోల్స్ అన్న మాట నియామక పత్రంలో రాసి ఉండాలి. వారు రాయడానికి వెనకాడితే, ఆ 13 వేలు రెండేళ్లు సాగుతాయని లెక్క వేసుకుని మళ్లీ ఆలోచించండి.

చేరకముందే కంటి పరీక్ష చేయించండి. దూరపు చూపు, లోతు అంచనా, రంగుల గుర్తింపు మూడూ సరిగా లేకపోతే శిక్షణ మధ్యలో ఆపేస్తారు. చేరిన తరువాత క్రేన్ ఒక్కటే పట్టుకుని కూర్చోకుండా, షట్‌డౌన్ రోజుల్లో మెయింటెనెన్స్ వాళ్ల వెంట పైకెక్కి బ్రేక్ లైనర్లు, లిమిట్ స్విచ్చులు, రోప్ మార్చడం చూడమనండి. ఫిట్టర్ ట్రేడు చదివిన కుర్రవాడు కనుక అడిగితే కాదనరు. ఎత్తిన జాబుల బరువు, ఆకారం, తేదీ రాసుకున్న నోటు పుస్తకం ఒకటి పెట్టుకుని, నెలకోసారి ఇంజినీరు సంతకం తీసుకోమనండి. రేపు వేరే చోటికి వెళ్తే ఇంటర్వ్యూలో మొదట అడిగేది ఎన్ని టన్నులు ఎత్తావు, ఏమి ఎత్తావు అనే.